అగ్గిపుల్లలో భాస్వరం, కండలో భాస్వరం

కోవిల్పట్టిలోనూ, విరుదునగర్ జిల్లాలోని శివకాశి, సాత్తూరులలోనూ అగ్గిపెట్టె అంటే పొయ్యి వెలిగించే వస్తువు మాత్రమే కాదు, కూడు పెట్టిన పరిశ్రమ కూడా. మబ్బు ముఖం చూసి బతికే ఈ నల్లరేగడి నేలలో సేద్యం చెయ్యిచ్చినప్పుడు ఎన్నో ఇళ్ళలో పొయ్యి ఆరకుండా కాపాడింది అదే. 1922లో శివకాశి నుండి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి ఆ విద్య నేర్చుకుని వచ్చారు. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఒక తెలుగు యువకుడు మద్రాసు విడిచి అమెరికా చేరాడు. వీరికి బతుకుదెరువైన భాస్వరమే ఆయనకు పరిశోధన అయింది. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

ముందు అగ్గిపుల్ల సంగతి చూద్దాం. పెట్టె పక్కన పూసిన పూతలో ఎర్ర భాస్వరం ఉంటుంది. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం ఉంటాయి. మండే శక్తి వాటిలో ముందే దాగి ఉన్నా, గీసేదాకా మంట రాదు. గీతలోని ఆ కొద్దిపాటి వేడి చర్యను గడప దాటిస్తుంది. తర్వాత అది తనంతట తానే సాగుతుంది. మన ఒంట్లోనూ ఇలాంటి చర్యలే జరుగుతాయి. కానీ అక్కడ గీతా లేదు, మంటా లేదు. ఎంజైములు ఆ గడపనే తగ్గిస్తాయి. శక్తి ఒక్కసారిగా భగ్గుమనకుండా మెల్లమెల్లగా చేతికందుతుంది.

మరి ఆ శక్తి కండలో ఏ రూపంలో ఉంటుంది? లాక్టిక్ ఆమ్లం పుట్టడమే కండర కదలికకు మూలమని ఆనాటి పండితుల నమ్మకం. కండరాల వేడిమీద, లాక్టిక్ ఆమ్లం మీద చేసిన కృషికే హిల్, మేయర్‌హోఫ్‌లకు 1922 నోబెల్ బహుమతి దక్కింది.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను తొడిగితే, శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు కోపం వచ్చింది. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువ పట్టా అయిన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఆ పట్టాతోనే ఆయన హార్వర్డ్ చేరి, సైరస్ ఫిస్క్ వద్ద పనిలో కుదిరారు.

1925లో వారిద్దరూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, రంగు తేల్చే మందు వేస్తే నీలం వస్తుంది. నీలం ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. కండరం నుండి తీసిన ద్రవంలో మాత్రం ఆ నీలం ఆలస్యంగా తేలింది. మరొకరైతే కొలతలో తప్పనుకుని వదిలేసేవారే. వీరు వదలలేదు. ఆమ్లంలో ఇట్టే విరిగిపోయే ఒక పదార్థం అక్కడ దాగి ఉందని కనిపెట్టారు. అదే 1927లో వెలువడిన ఫాస్ఫోక్రియాటిన్. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే పాఠ్యపుస్తకాల ఏ.టి.పి.ని, వేరుచేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దానిని విడిగా కనుగొన్నాడు. లాక్టిక్ ఆమ్లం లేకుండానే కండరం ముడుచుకోగలదని 1930లో లుండ్స్‌గార్డ్ చూపడంతో పాత సిద్ధాంతం కూలింది.

ఇక మన కోవిల్పట్టి కడలైమిఠాయి నోట్లో వేసుకోండి. బెల్లంలోని చక్కెర కరిగి ఏ.టి.పి. తయారీకి శక్తినిస్తుంది. వేరుశనగలోని మాంసకృత్తులు అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి. వాటిలో గ్లైసిన్, ఆర్జినిన్, మిథియోనిన్ అనే మూడింటి నుండే ఒళ్ళు క్రియాటిన్ కట్టుకుంటుంది. బస్సు కోసం పరుగెత్తినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ తన భాస్వరాన్ని ఇచ్చి, ఖర్చయిన ఏ.టి.పి.ని తిరిగి నిలబెడుతుంది. ఆ పనిలో కొంత ఆమ్లతను కూడా తాను మింగుతుంది. పదిమందికి పెట్టి తాను పస్తుండే అమ్మ వంటిది అది.

సుబ్బారావు 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, బోదకాలు మందు హెట్రజాన్ ఆయన నడిపిన పరిశోధనలో వచ్చినవే. 1948లో అక్కడే కన్నుమూశారు. స్వదేశం మళ్ళీ చూడలేదు. 1995లో, నూరేళ్ళకు, తపాలా బిళ్ళ వెలువడింది.

మన పిల్లలు ఏ.టి.పి. పాఠాన్ని తమిళంలోనో ఆంగ్లంలోనో చదువుతారు. చదవనివ్వండి, అది వారి బతుకుతెరువు. కానీ ఆ పాఠం వెనుక ఉన్న మనిషి ఇంట్లో వాళ్ళ అవ్వ మాట్లాడే భాషలోనే అమ్మను పిలిచినవాడని వారికి చెప్పేదెవరు? పాఠ్యపుస్తకం చెప్పదు. ఈ రాత్రి పొయ్యి వెలిగించేటప్పుడు, ఆ పుల్ల ఆరేలోగా, మనమే ఆ పేరు చెప్పాలి.