ఫ్లోర్ పంపు: మౌంటెన్, రోడ్ సైకిళ్లకు ఒకే పంపు

ఫ్లోర్ పంపు అంటే నేలమీద నిలబెట్టి, అడుగున ఉన్న పీఠాన్ని పాదాలతో తొక్కిపట్టి, పిడిని రెండు చేతులతో కిందికి నొక్కుతూ సైకిలు టైర్లకు గాలి కొట్టే సాధనం. సైకిలు షాపుకు వెళ్లినవాళ్లందరికీ ఇది తెలిసిందే. లోపల ఉండేది గిన్నెలా వంగిన వాషరు తొడిగిన ఒక కడ్డీ, అంతే. పిడిని పైకి లాగితే వాషరు అంచుల పక్కనుంచి గాలి కిందికి జారుతుంది. నొక్కితే అదే వాషరు విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కుపోతుంది, గాలికి ట్యూబులోకి పోవడం తప్ప దారి ఉండదు. ఒకప్పుడు ఈ వాషరు తోలుది. అది ఎండిపోతే పంపు ఊరికే ఆడుతుంది, రెండు చుక్కల నూనె వేస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. రబ్బరు వాషర్లు వచ్చాక ఆ బెడద తగ్గింది.

గాలి టైరు ఇప్పటి రూపంలోని సైకిలు కంటే పాతది. స్కాట్లండ్ ఇంజనీరు రాబర్ట్ విలియం థాంసన్ 1845లోనే దానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి అది గుర్రపు బగ్గీల కోసం. ఆ తర్వాత అందరూ దాన్ని మరిచిపోయారు. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యం చేస్తున్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ తయారుచేసి 1888లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడాదే విల్లీ హ్యూమ్ అనే పందెగాడు ఆ టైర్లతో గెలిచేసరికి గట్టి రబ్బరు టైర్ల రోజులు దగ్గరపడ్డాయి. 1890లో థాంసన్ పాత పేటెంటు బయటపడి డన్‌లప్ హక్కు చెల్లకుండా పోయింది. పేరు మాత్రం ఆయనకే మిగిలింది. 1891లో ఫ్రాన్సుకు చెందిన మిష్లిన్ సోదరులు రిమ్ము నుంచి ఊడదీయగలిగే టైరు తెచ్చారు. గాలి టైరుతో పాటే ఇంటికో పంపూ అవసరమైంది.

పంపు కొనేవాళ్లను ఇప్పటికీ తికమకపెట్టే వాల్వుల రగడ కూడా ఆ దశాబ్దంలోనే మొదలైంది. సన్నని రబ్బరు గొట్టం తొడిగిన వుడ్స్ వాల్వు ఒకటి. మన దగ్గర వాల్‌ట్యూబు మార్చుకుంటూ వాడేది ఇదే. రెండోది న్యూయార్క్ సంస్థ ష్రేడర్ 1893లో పేటెంటు పొందిన వాల్వు. మోటారు సైకిళ్లకు, కార్లకు ఉండేది అదే. మధ్యలోని పిన్నును పంపు తల నొక్కిపడితేనే అందులోకి గాలి వెళుతుంది. మూడోది ఫ్రెంచివాడు ఎతియెన్ స్క్లవెరాండ్ రూపొందించిన ప్రెస్టా. చివరనున్న చిన్న నట్టు వదులు చేస్తే చాలు, గాలి ఒత్తిడే దాన్ని తెరుస్తుంది. దీని కాండం 6 మిల్లీమీటర్లే, ష్రేడర్‌ది 8. సన్నని రిమ్ములో చిన్న రంధ్రం సరిపోతుంది కాబట్టి పందెపు సైకిళ్లకు ప్రెస్టా స్థిరపడింది.

ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం మంచి ఫ్లోర్ పంపు అంటే పందెపు సైకిలు పంపే. మిలన్‌లో ఫెలిచె సాకి 1917లో స్థాపించిన సిల్కా పంపులు యూరపు జట్ల మెకానిక్కుల చేతుల్లో కనిపించేవి. ఆ కంపెనీ 2013లో చేతులు మారి అమెరికాలోని ఇండియానాపొలిస్‌కు వెళ్లింది. ఆ పంపుల గొట్టం సన్నగా, పొడుగ్గా ఉండేది. 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దాటించడమే వాటి పని.

1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటివాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లతో కొండ దారుల్లో దూకడం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ సంస్థ స్టంప్‌జంపర్ సైకిలు వచ్చాక మౌంటెన్ సైకిలు బజారు సరుకైంది. ఒక పంపు చాలదన్న మాట అక్కడే పుట్టింది. ఎందుకో లెక్క వేస్తే తేలుతుంది.

100 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 7 కిలోలు. గొట్టం లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లయితే ఆ ఒత్తిడి దగ్గర పిడి మీద 50 కిలోల బరువు మోపాలి. 50 మిల్లీమీటర్లయితే 138 కిలోలు కావాలి. మనిషి పిడి మీద ఎక్కి నిలబడినా దిగదు. మరి సన్న గొట్టమే కొంటే? 29 అంగుళాల చక్రానికి 2.4 అంగుళాల మౌంటెన్ టైరు లోపల ఆరు లీటర్లకు పైగా చోటు ఉంటుంది. 25 పీఎస్ఐ రావాలంటే పది లీటర్లకు పైగా బయటి గాలి లోపలికి పోవాలి. 25 మిల్లీమీటర్ల రోడ్ టైరుకు 100 పీఎస్ఐ ఎక్కించినా ఏడు లీటర్లు మించదు. మెత్తగా ఉండే టైరే ఎక్కువ గాలి తాగుతుందన్నమాట. అరమీటరు పొడవున్న సన్న పంపుతో దానికి ముప్ఫైసార్లు కొట్టాలి, లావు పంపుతో పదకొండు చాలు.

తయారీదారులు ముందు సులువైన చిక్కు విప్పారు. ఒకే తలలో రెండు రంధ్రాలు పెట్టి, ప్రెస్టాకొకటి, ష్రేడర్‌కొకటి ఇచ్చారు. తర్వాత ఏ వాల్వుకైనా తనంతట తాను సర్దుకునే తలలు వచ్చాయి. ఒత్తిడి, పరిమాణాల మధ్య మీట తిప్పుకునే పంపులూ వచ్చాయి గాని, భాగాలు పెరిగినకొద్దీ కారిపోయే చోట్లూ పెరుగుతాయి. 1999లో మావిక్ సంస్థ యూఎస్‌టీ పేరుతో ట్యూబులేని మౌంటెన్ టైరు ప్రమాణం తెచ్చాక కొత్త అవసరం ఏర్పడింది. టైరు అంచు రిమ్ములో కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా దూకాలి. అందుకే ముందుగా గాలి నింపి ఒక్కసారి వదిలే చిన్న ట్యాంకు ఉన్న పంపులు పుట్టాయి.

అసలు సమస్యను తీర్చింది మాత్రం పంపులు కాదు, టైర్లే. 1990లలో 23 మిల్లీమీటర్లుండి 110 పీఎస్ఐ దాకా అడిగిన రోడ్ టైరు ఇప్పుడు 28, 30, 32కు చేరింది. గరుకు రోడ్డు మీద వెడల్పాటి టైరు తక్కువ గాలితోనే బాగా దొర్లుతుందని పరీక్షల్లో తేలడమే కారణం. కొంకి అంచు లేని (హుక్‌లెస్) కొత్త రిమ్ములకైతే 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ, మించకూడదని ప్రమాణమే ఉంది. 70 పీఎస్ఐ చాలనుకుంటే 35 మిల్లీమీటర్ల గొట్టం మీద పడే బరువు 47 కిలోలే. అదే పంపు పై మౌంటెన్ టైరును ఇరవై రెండు కొట్లలో నింపుతుంది.

ఇక మిగిలింది ఒత్తిడి కొలిచే గేజి. 1849లో ఫ్రెంచి ఇంజనీరు యూజీన్ బూర్డాన్ పేటెంటు తీసుకున్న వంపు గొట్టమే చాలా గేజిల్లో ఉంటుంది. ఒత్తిడికి గొట్టం కాస్త విచ్చుకుని ముల్లును కదుపుతుంది. 160 పీఎస్ఐ గేజిలో 3 శాతం తప్పు అంటే దాదాపు 5 పీఎస్ఐ. 100 దగ్గర అది లెక్కలోకి రాదు. 25 దగ్గర అయిదో వంతు, సైకిలు నడకే మారిపోతుంది.

హైదరాబాదులోనో విశాఖలోనో గేర్ల సైకిలు నడిపేవారికి ఇంకో మాట. పెట్రోలు బంకులో గాలి ష్రేడర్‌కే పడుతుంది, ప్రెస్టాకు చిన్న ఇత్తడి అడాప్టరు కావాలి. ఇంట్లో పాత నల్ల సైకిలు ఉంటే దాని వుడ్స్ వాల్వుకు ప్రెస్టా తల సరిపోతుంది. కాకపోతే వాల్‌ట్యూబు అడ్డం వల్ల గేజి చెప్పే అంకె నమ్మదగింది కాదు. సస్పెన్షన్ ఫోర్కులకు ఏ ఫ్లోర్ పంపూ పనికిరాదు, వాటికి షాక్ పంపు విడిగా కొనాల్సిందే. రెండు సైకిళ్లకూ ఒకటే కొనేటప్పుడు మధ్యస్థ గొట్టం, రెండు వాల్వులకూ పట్టే తల చూసుకుని, మిగిలిన డబ్బు 60 పీఎస్ఐ లోపు కొలిచే విడి గేజి మీద పెట్టడం మేలు.