ప్రేక్షకుల అభిప్రాయమూ చరిత్రకు ఆధారమే

విద్యార్థులారా! టీవీ సీరియల్ గురించి ఇళ్లలో అనుకునే మాటలు చరిత్రకు పనికొస్తాయా? 'హమ్ లోగ్' సంగతి చూడండి. కుటుంబ నియంత్రణ ప్రచారం కోసం దూరదర్శన్ ఈ హిందీ ధారావాహికను 1984 జులైలో ప్రారంభించింది. నీతిబోధ ఎక్కువైందని ప్రేక్షకులు విసుక్కోవడంతో, 13 భాగాల తర్వాత ప్రచారం తగ్గించి ఇంటి కథను పెంచారు. ప్రేక్షకుల నుంచి సుమారు 4 లక్షల ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఓర్చుకునే తల్లి భగవంతి పాత్రను హెచ్చరికగా మలిస్తే, చాలామంది ఆమెనే ఆదర్శంగా తీసుకున్నారు. ప్రసారకుల ఉద్దేశం ఒకటి, ఇళ్లలో అర్థమైనది మరొకటి! ఈ తేడా ప్రేక్షకుల మాటల్లోనే తెలుస్తుంది. అయితే టీవీ లేనివారు, హిందీ రానివారు ఈ ఉత్తరాల్లో వినిపించరు. కాబట్టి ఏ ఆధారాన్ని చదివినా, అందులో ఎవరి గొంతు లేదో కూడా అడగండి.