కనబడని రచ్చబండ

ఊరి రచ్చబండపై మాటాడువాని ముఖము నలుగురికిని కనబడును. నేడు చెప్పిన మాటకు రేపు అతడే జవాబుదారి. కొత్తపేట మొదలు అమలాపురము వఱకు మన కోనసీమ గ్రామములలో పెద్దఱికము ఇట్టి ముఖపరిచయముపై నిలిచినది. ఆ బండపై అందఱికిని చోటు లేకుండెననుటయు నిజమే.

అంతర్జాలమున ఇప్పుడు వేఱొక రచ్చబండ వెలసినది. అందు ముఖములు కనబడవు. అట్టి చోట నాయకుడెవ్వడు?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. గోదావరి సీమయందలి కొంకుదురులో 1890లో జన్మించిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1914 ఏప్రిలులో బెజవాడయందు గ్రంథాలయముల వారిని సమావేశపఱచిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు ఆ సభకు అధ్యక్షులు. అచట ఏర్పడిన సంఘమునకు దూరగ్రామములను శాసించు అధికారము లేదు. జీతము లేక పనిచేయువారి మాటను మాత్రమే పల్లెలు మన్నించినవి.

2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి చొరవతో ఆరంభమైన తెలుగు వికీపీడియాలోను ఇదే ధర్మము కానవచ్చును. అచటి సభ్యులలో పెక్కురు ఒకరినొకరు చూచి యెఱుగరు. వారి చర్చాస్థలము పేరును రచ్చబండయే! నిర్వాహకులను సభ్యులే చర్చించి యెన్నుకొందురు. పుటను తొలగించు అధికారము వారికి కలదు; కాని వ్యాసమున ఏది నిజమను వాదమున వారి మాటకు ప్రత్యేకమైన బరువు లేదు. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరము మార్చిరో అంతయు నమోదై యుండును. ముఖము కనబడకున్నను జవాబుదారీ నిలిచినది.

అది నిలువని చోట నేమగునో మన జిల్లాయే చూచినది. 2022 ఏప్రిల్ 4న అమలాపురము కేంద్రముగా కోనసీమ జిల్లా ఏర్పడెను. దానికి అంబేద్కరుగారి పేరు చేర్చు ప్రతిపాదనపై మే 24న అమలాపురమున జరిగిన నిరసన హింసగా మాఱెను. ఒక మంత్రి ఇంటికిని, ఒక శాసనసభ్యుని ఇంటికిని నిప్పు పెట్టిరి. జనసమీకరణకు వాట్సాప్ సమూహములు సాధనమైనవని పోలీసులు చెప్పిరి. పిమ్మట అంతర్జాల సేవలు కొన్ని దినములు నిలిచిపోయెను. ఏ తప్పు నెఱుగని యిండ్లును ఆ కష్టమును పంచుకొన్నవి. రండని పిలుపు పంపుట క్షణము పని. ఆగుడని చెప్పి ఆపుట నాయకుని పని.

మనలో ఎందఱమో నేడు బంధువులదో, వీధివారిదో, బడి మిత్రులదో ఒక సమూహమునకు నిర్వాహకులము. ఇతరుల సందేశమును తొలగించు వీలు మన చేతిలో నున్నది. కాని తొలగించుటతో పని తీరదు. ఈ వార్త ఎక్కడిదని పదిమందిలో అడుగవలెను. మనమే పొరబడినచో ఆ పదిమందిలోనే ఒప్పుకొనవలెను. అట్లు చేసిననాడు కనబడని రచ్చబండపైనను పెద్దఱికము నిలుచును. పాత బండపై చోటు దొరకని వారికిని ఇచట చోటు దొరకును.