మంచు గ్లౌజులు ఎవరి కోసం పుట్టాయి?

ఇంగ్లండులోని బ్రైటన్‌లో జేమ్స్ ఆర్నాట్ అనే డాక్టరు 19వ శతాబ్దం నడుమ మంచు, ఉప్పు కలిపి క్యాన్సర్ పుళ్ళ మీద పెట్టి నొప్పి తగ్గించేవాడు. ఆయన పరికరాన్ని 1851 లండన్ ప్రదర్శనలో కూడా ఉంచారు. క్యాన్సర్‌కీ చల్లదనానికీ పరిచయం అంత పాతది. పిల్లల వార్డులో ఫిజియోథెరపిస్టుని కాబట్టి ఈ చరిత్ర చదివినప్పుడల్లా నా కళ్ళు చిన్న పాదాల కోసమే వెతుకుతాయి.

1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకిచ్చిన అమినోప్టెరిన్ అనే మందు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిందే. దానితో జబ్బు తగ్గినా, కొన్నాళ్ళకే తిరగబెట్టేది. 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ జమైకా నుంచి వచ్చిన బిళ్ళగన్నేరు ఆకుల్ని మధుమేహం కోసం పరీక్షించారు. ఎలుకల్లో చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు పడిపోయాయి. అలా విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు దొరికింది. అదే మొక్క నుంచి ఎలీ లిల్లీ కంపెనీ శాస్త్రజ్ఞులు తీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి వచ్చింది. మన ఇళ్ళ ముందు పూచే ఆ మొక్క ఎందరు పిల్లల్ని బతికించిందో తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కణం రెండుగా చీలడానికి కావలసిన సన్నని గొట్టాలను విన్‌క్రిస్టిన్ కట్టనివ్వదు. నరాల్లో సరుకు రవాణా జరిగేదీ అలాంటి గొట్టాల మీదే. అందుకే అన్నింటికంటే పొడవైన నరాలు, పాదాలకు వెళ్ళేవి, ముందు దెబ్బతింటాయి. "చెప్పు జారిపోతున్నా వీడికి తెలియట్లేదమ్మా" అని తల్లులు చెప్పేసరికే మడమ వెనక సుత్తితో తడితే పాదం కదలదు. బతికితే చాలనుకున్న ఆ తొలి రోజుల్లో పాదం సంగతి వెనక్కి పోవడం నాకు అర్థమవుతుంది. ఇప్పుడు ఎక్కువమంది పిల్లలు బతుకుతున్నారు, వాళ్ళు పరుగెత్తాలి కూడా.

క్యాన్సర్ మందుల చెడు ప్రభావాలను తగ్గించే చల్లదనం మాత్రం పెద్దవాళ్ళ చుట్టూనే తిరిగింది. 1979లో జుట్టు ఊడకుండా తలకు, 1991లో నోరు పూయకుండా మంచు ముక్కలు, 2005లో డోసిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు వల్ల గోళ్ళు పాడవకుండా ఫ్రాన్స్‌లో మంచు గ్లౌజులు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటే అక్కడికి చేరే మందు తగ్గుతుందన్నదే అన్నింటికీ ఆధారం. నరాల వంతు 2018లో వచ్చింది. జపాన్‌లోని క్యోటోలో పాక్లిటాక్సెల్ అనే మందు తీసుకుంటున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు ఒక వైపు చేతికి, పాదానికి మాత్రమే గడ్డకట్టించిన తొడుగులు వేసి, రెండో వైపుతో పోల్చారు. తొడుగు వేసిన వైపు తిమ్మిరి తక్కువ. అయినా 2020లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం, పరిశోధనల బయట దీన్ని సిఫార్సు చేయడానికి ఆధారాలు చాలవంది. ఆక్సాలిప్లాటిన్ అనే క్యాన్సర్ మందు తీసుకునేవాళ్ళకైతే చల్లటి వస్తువు తాకితేనే చేతులు జివ్వుమంటాయి.

క్యోటో లెక్కను మా వార్డుకు నేరుగా తేలేం. పాక్లిటాక్సెల్ అక్కడ గంటసేపు ఎక్కింది, తొడుగులు గంటన్నర ఉన్నాయి. విన్‌క్రిస్టిన్ కొద్ది నిమిషాల్లో ఎక్కేస్తుంది కానీ ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి రోజులు పడుతుంది. ఎంతసేపు చల్లబరచాలి? నాలుగేళ్ళ పిల్ల మంటగా ఉందో, తిమ్మిరిగా ఉందో ఎలా చెబుతుంది? లేత చర్మం చలికి దెబ్బతినకుండా ఎవరు చూడాలి? ఈ ప్రశ్నలకు జవాబు పిల్లల మీద చేసే జాగ్రత్తైన పరిశోధనల్లోంచే రావాలి. అంతవరకూ నా చేతిలో ఉన్నవి మడమ సాగదీసే వ్యాయామాలు, పాదం వాలకుండా పట్టీలు, ప్రతి విన్‌క్రిస్టిన్ డోసు ముందు ఆ సుత్తి పరీక్ష.