పురుగు చచ్చింది, వాపు మిగిలింది

బోదకాలు చరిత్ర అనగానే పురుగు కథ, దోమ కథ ముందుకొస్తాయి. 1872లో కలకత్తాలో తిమోతీ లూయిస్ రోగుల నెత్తురులో సన్నని పురుగుపిల్లల్ని చూశాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో ప్యాట్రిక్ మాన్సన్ అవి దోమ ఒంట్లో పెరుగుతాయని తేల్చాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ కంపెనీ పరిశోధక బృందం 1947లో ఆ పురుగుల్ని చంపే డైఇథైల్ కార్బమజైన్‌ను వెలుగులోకి తెచ్చింది. తెలుగువాళ్లం గర్వపడాల్సిన ఘట్టమే అది. అయితే ఈ విజయగాథలో అప్పటికే వాచిపోయిన కాలికి చోటు దక్కలేదు. పురుగును చంపే మందు ఆ కాలిని మామూలుగా చేయలేదు. లింఫెడీమా అనే ఆ వాపును విడిగా అర్థం చేసుకోవడంలో జరిగిన ఆలస్యమే ఈ చరిత్రలో అసలు లోటు.

పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి ఉండి వాటిని ఉబ్బించేస్తాయి. లోపలి కవాటాలు పట్టు తప్పి, పైకి పోవాల్సిన ద్రవం కాల్లోనే నిలిచిపోతుంది. చర్మం మందమై మడతలు పడుతుంది, వేళ్ల సందులు నాని పగులుతాయి. ఆ పగుళ్లలోంచి బాక్టీరియా దూరితే చలిజ్వరం, గజ్జల్లో బిళ్లలు, కాలంతా ఎరుపు, మంట. రోజుల తరబడి కూలి పోతుంది. వచ్చిన ప్రతి జ్వరం మరికొన్ని నాళాల్ని పాడుచేసి కాలిని ఇంకాస్త లావు చేస్తుంది. అసలు పురుగే లేకుండానూ వాపు రావచ్చు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ల తర్వాత చెయ్యి వాచడానికి ఇన్ఫెక్షనే కారణమై ఉంటుందని అమెరికా సర్జన్ విలియం హాల్‌స్టెడ్ 1921లోనే రాశాడు. బోదకాలు విషయంలో వాపును ముదిర్చేది బాక్టీరియా జ్వరాలేనన్న గ్రహింపు గట్టిపడింది మాత్రం 1990లలో, బ్రెజిల్‌లోని రెసిఫేలో గెరూషా డ్రేయర్ బృందం పనితోనే. సబ్బుతో కడిగి, మడతల్లో తడి లేకుండా తుడిచి, పుండ్లకు మందు రాసి, కాలు ఎత్తి పెట్టుకుంటే జ్వరాలు తగ్గుతాయని వాళ్లు చూపించారు.

ఉన్న డబ్బంతా కొత్త కేసులు రాకుండా ఆపడానికే వెచ్చించాలని కొందరంటారు. వ్యాప్తిని ఆపాల్సిందే, కానీ వాచిన కాలి సంరక్షణ ఆ పనికి పోటీ కాదు. సబ్బు, తొట్టి, తువాలు ఖరీదైన వైద్యం కావు. కడిగినంత మాత్రాన ముదిరిన కాలు మామూలవుతుందా అన్నది మరో ప్రశ్న. కాకపోవచ్చు, కానీ జ్వరాలు తగ్గితే మనిషి పనికి పోగలడు, వాపు ముదరడం నెమ్మదిస్తుంది. 2000లో మొదలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యక్రమం వ్యాప్తిని ఆపడంతో పాటు బాధితుల సంరక్షణనూ లక్ష్యంగా పెట్టుకుంది. మన దేశంలో బోదకాలు ఉన్న జిల్లాల్లో 2004 నుంచి ఊరూరా పురుగును చంపే మాత్రలు మింగిస్తున్నారు. మాత్ర ఇచ్చిన కార్యకర్తే వాచిన కాళ్ల లెక్క రాసుకుని, కడుక్కునే పద్ధతి నేర్పాలి. ఎన్ని మాత్రలు పంచామన్న లెక్కతో పాటు ఎన్ని జ్వరాలు తగ్గాయన్న లెక్క కూడా వేసినప్పుడే బోదకాలుపై గెలిచామని చెప్పుకునే హక్కు మనకుంటుంది.