జూలియమ్మ చెప్పకపోయినట్లయితే



పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో ఒక అవ్వ పేరు కనబడుతుంది. ఆమె లోయి. ఆమె ప్రసంగించినట్లు గాని, సంఘం స్థాపించినట్లు గాని వ్రాయబడలేదు. అయితే ఆమె విశ్వాసం మనుమడి దాకా వచ్చిందని పౌలు సాక్ష్యమిస్తున్నాడు. మన నెల్లూరు సీమకు కూడా అటువంటి ఒక తల్లి ఉన్నారు. ఆమె పేరు జూలియ. ఈ దినాన ఆమెను జ్ఞాపకం చేసుకుందాం.

శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1840లో నెల్లూరు వచ్చారు. ఏండ్లు గడిచినా విశ్వాసులు కొద్దిమందే. ఈ మిషనును మూసివేయాలా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. మూయకూడదని నిర్ణయించారు గాని, ఇక్కడ కంటికి కనబడే ఫలం లేదు.

అటువంటి దినాల్లో, 1854 జనవరి 1 తెల్లవారక మునుపే ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కారు. ఆ కాలంలో ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. ఆ ఐదుగురు ఎవరు? లైమన్ జ్యువెట్ దొరగారు, దొరసానిగారు, క్రిస్టియన్ నర్సు, జూలియ, రూతు. పాట పాడారు, యెషయా 52:7 చదివారు, ఒకరి తరువాత ఒకరు ప్రార్థించారు. అప్పుడు జ్యువెట్‌గారు కొండ క్రింద నాగజెముడు కమ్మిన ఒక స్థలాన్ని చూపి, అక్కడ మిషను బంగళా వస్తే నీకు ఇష్టమేనా అని జూలియను అడిగి, ఆ దినం వస్తుందని చెప్పారు.

దేవుని బిడ్డలారా, ఈ సంగతి మనకెట్లా తెలిసింది? నెల్లూరులో అనేక సంవత్సరాలు సేవచేసిన డేవిడ్ డౌనీగారు మిషను చరిత్ర వ్రాసినప్పుడు జూలియమ్మ చెప్పిన సాక్ష్యాన్ని అందులో చేర్చారు. ఆ వేకువన ప్రార్థించిన ఆమే దానిని మరువక మోసుకొచ్చి, అడిగినవారికి చెప్పింది. ఆమె చెప్పింది గనుకనే మనం ఆ కొండను ప్రార్థన కొండ అని పిలుస్తున్నాం.

జవాబు వెంటనే రాలేదు. 1862లో మిషను మూసివేత మాట మళ్లీ లేచింది. స్వదేశంలో ఉన్న జ్యువెట్‌గారు, ఎవరు పంపినా పంపకపోయినా తెలుగువారి యొద్దకే తిరిగి వెళ్తానని పట్టుబట్టారు. 1865లో జాన్ క్లౌగారు నెల్లూరు వచ్చారు, 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న, సరిగ్గా పదమూడేండ్లకు అదే తేదీన, ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తరువాత 1876-78 నాటి ఘోర కరువు. మన సముద్రతీరం వెంట సాగే బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో క్లౌగారు కొంత భాగం కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి చూపించారు. పనిచేసేవారికి మన బోధకులు సువార్త చెప్పారు. అయితే కరువు కాలమంతా ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. గింజల కోసం వచ్చారనే మాట రాకూడదని ఆయన తలంపు. కరువు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో ఒక్క దినాననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ సంఖ్య మనకందరికీ కంఠస్థమే. కొండమీది ఐదుగురి పేర్లు మనలో ఎంతమంది చెప్పగలం?

ఈ మాట మిమ్మును గద్దించడానికి చెప్పడం లేదు. ముందుగా నన్ను నేనే గద్దించుకుంటున్నాను. మా అవ్వ ఆ కాలువ గట్టున ఒక పల్లెలో బ్రతికింది. అక్షరం రాదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని కుండలో వేసేది. ఇంట్లో గింజలు చాలని దినాన కూడా ఆ పిడికెడు మానలేదు. నేను సెమినరీలో సంఘ చరిత్ర చదివి మంచి మార్కులు తెచ్చుకున్నాను. జర్మనీలో ఏ ఏట ఏమి జరిగిందో చెప్పగలను. మన ఇంటికి సువార్త ఎవరు తెచ్చారు అవ్వా అని మాత్రం ఒక్కసారి అడగలేదు. ఒక సెలవుల్లో ఆమె ఏదో చెప్పబోతే, "తర్వాత చెబుదువులే అవ్వా" అన్నాను. "సరేలే నాయనా, చదువుకో పో" అన్నది. ఆ తర్వాత అనేది మళ్లీ రాలేదు. ఆమెను సమాధి చేసిన దినాన, చెప్పకుండా పోయిన ఆ సంగతి కూడా ఆమెతోనే మట్టిలోకి వెళ్లింది.

ప్రియ చదువరీ, మీ అవ్వ ఇంకా బ్రతికి ఉన్నదా? మీ సంఘంలో వెనుక చాపమీద కూర్చునే వృద్ధురాలైన తల్లి ఉన్నదా? ఈ ఆదివారం ఆరాధన అయిన తరువాత ఆమె ప్రక్కన కూర్చోండి. నోటుపుస్తకం తీసుకోండి. మన కుటుంబంలో మొదట యేసయ్యను నమ్మినదెవరు? అందువలన ఏ కష్టం పడ్డారు? నీవు ఇంకా కనిపెట్టుచున్న ప్రార్థన ఏది? అని అడిగి, ఆమె చెప్పిన మాట చెప్పినట్లే వ్రాసుకోండి. సంఘపు రిజిస్టరులో బాప్తిస్మపు తేదీ ఉంటుంది గాని, తెల్లవారుజామున ఆమె కార్చిన కన్నీరు ఉండదు.

బహుశా ఆమె ఎవరి కోసం ప్రార్థిస్తున్నదో వింటే, అందులో మీ పేరే ఉండవచ్చును.

ప్రార్థించుకుందాం. ప్రభువా, మా అవ్వల విశ్వాసము కొరకు స్తోత్రము. వారు చెప్పేటప్పుడు వినే చెవులు మాకు దయచేయుము. ఆమేన్.