ఆట నియమం, ఒప్పంద నియమం: అమెరికన్ వృత్తి బేస్‌బాల్ చరిత్రలో కుమార్ రాకర్ ఉదంతం

హైదరాబాద్ పాతబస్తీకి ఆగ్నేయపు అంచున ఉన్న సంతోష్‌నగర్ వంటి ప్రాంతాల గల్లీ క్రికెట్‌లో ఒక నియమం తరచుగా వినిపిస్తుంది: బంతి నేలను తాకకుండా ప్రహరీ దాటి పక్క ఇంట్లో పడితే కొట్టినవాడు ఔట్. బేస్‌బాల్‌లో అదే దెబ్బ ఆటలోకెల్లా గొప్ప ఫలితం. దాని పేరు హోమ్‌రన్. ఒకే చర్యకు ఒకచోట శిక్ష, మరొకచోట బహుమానం. గల్లీ నియమాన్ని నిర్ణయించినది గల్లీ వెడల్పు, ఇరుగుపొరుగుల ఓపిక. ఏ ఆటలోనైనా నియమం గాలిలోంచి పుట్టదు. దానిని ఎవరో ఒకరు తమ అవసరం కొద్దీ చేస్తారు.

వృత్తి బేస్‌బాల్‌కు ఇటువంటి నియమావళులు రెండున్నాయి. మైదానంలో అంపైర్ అమలుచేసేది మొదటిది. ఆటగాడు ఏ జట్టుకు, ఎంత కాలం, ఎంత ప్రతిఫలానికి ఆడాలో నిర్ణయించేది రెండవది. తెలుగులో ఈ ఆటను పరిచయం చేసేటప్పుడు సాధారణంగా మొదటిదానితో సరిపెట్టుకుంటారు. కాని ఆట చరిత్రను నడిపినది రెండవదే. తల్లి వైపు తెలుగు మూలాలున్న కుమార్ రాకర్ అనే పిచ్చర్ 2021లో ఎదుర్కొన్న పరిస్థితి ఈ రెండవ నియమావళి తెలియనిదే అర్థం కాదు.

మైదానంలోని నియమం

బేస్‌బాల్‌ను 1839లో కూపర్స్‌టౌన్‌లో ఆబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడన్న కథను 1907లో మిల్స్ కమిషన్ ప్రచారంలోకి తెచ్చింది. చరిత్రకారులు దానిని ఏనాడో తోసిపుచ్చారు. బంతి, కర్ర, పరుగు కలిసిన ఇంగ్లండ్ ఆటలే దీనికి మూలం. 1845లో న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్ రాసుకున్న నియమాలు నేటి ఆటకు పునాది. పరుగెత్తేవాడిని బంతితో కొట్టి ఔట్ చేసే పాత పద్ధతిని అవి రద్దు చేశాయి. మొదటి, మూడవ బేస్‌ల హద్దు దాటి పోయిన బంతిని ‘ఫౌల్’ అన్నాయి. క్రికెట్ బ్యాటర్‌కు చుట్టూ మైదానమే. బేస్‌బాల్ బ్యాటర్‌కు ఎదుటనున్న పావు వృత్తం మాత్రమే దక్కుతుంది.

క్రికెట్ తెలిసిన పాఠకుడిని మొదట తికమకపెట్టేది స్టంపులు లేకపోవడం. వాటి స్థానంలో ఊహాత్మకమైన ఒక కిటికీ ఉంటుంది: హోమ్‌ప్లేట్ వెడల్పున, బ్యాటర్ మోకాళ్ల దిగువ నుంచి ఛాతీ మధ్య వరకు. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి పిచ్చర్ నేలకు తగలకుండా విసిరిన బంతి ఆ కిటికీ గుండా పోతే స్ట్రైక్. బ్యాటర్ బ్యాటు ఊపి తప్పినా స్ట్రైకే. కిటికీ బయట పోయిన బంతిని బ్యాటర్ వదిలేస్తే దానిని ‘బాల్’ అంటారు. మూడు స్ట్రైకులకు బ్యాటర్ ఔట్. నాలుగు బాల్స్‌కు ఉచితంగా మొదటి బేస్. ఫౌల్ కూడా స్ట్రైక్ కిందికే వస్తుంది; అయితే సాధారణంగా మూడవ స్ట్రైక్‌గా లెక్కించరు. హద్దుల లోపల బంతిని కొట్టినవాడు పరుగెత్తి తీరాలి. క్రికెట్‌లో వలె నిలబడిపోయే వీలు లేదు. 90 అడుగుల భుజాలున్న చతురస్రంలో మూడు బేస్‌లు దాటి హోమ్‌ప్లేట్‌ను తాకితేనే ఒక పరుగు. ముగ్గురు ఔటైతే జట్టు వంతు ముగుస్తుంది. జట్టుకు తొమ్మిదిమంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్. సమమైతే అదనపు ఇన్నింగ్స్. పదింట మూడుసార్లు సురక్షితంగా కొట్టి బేస్ చేరగలిగినవాడు ఇక్కడ ఉత్తమ బ్యాటర్. అంటే వైఫల్యమే సాధారణం, సాఫల్యం మినహాయింపు.

ఈ సమతూకం ఒక్కసారిగా కుదరలేదు. తొలి రోజుల్లో పిచ్చర్ చేయి కింది నుంచి బంతి వేయాలి. ఎత్తున కావాలో, దిగువన కావాలో బ్యాటర్ అడిగేవాడు. 1884లో నేషనల్ లీగ్ భుజం పైనుంచి విసరడానికి అనుమతించింది. 1887లో బ్యాటర్ అడిగే హక్కు పోయింది. 1889లో నాలుగు బాల్స్ లెక్క స్థిరపడింది. వేగం పెరిగిన పిచ్చర్‌ను 1893లో నేటి దూరానికి వెనక్కి జరిపారు. ఇక పిచ్చర్ భుజం, మోచేయి ఈ ఆటలో అత్యంత విలువైనవీ, అత్యంత సులభంగా దెబ్బతినేవీ అయినాయి. ఒప్పంద నియమంతో ఆట నియమం ముడిపడేది ఇక్కడే.

ఒప్పందంలోని నియమం

1869లో సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్ ఆటగాళ్లందరికీ బహిరంగంగా జీతాలిచ్చిన తొలి జట్టుగా నిలిచింది. 1876లో విలియం హల్బర్ట్ చొరవతో నేషనల్ లీగ్ ఏర్పడింది. ఆటగాళ్ల సంఘం స్థానంలో యజమానుల క్లబ్బులు కేంద్రమయ్యాయి. నాలుగేళ్లు తిరగకముందే, 1879లో, యజమానులు ఒక ఒడంబడిక చేసుకున్నారు: ప్రతి జట్టు ఐదుగురు ఆటగాళ్లను ‘రిజర్వ్’ చేసుకోవచ్చు, వారిని మరే జట్టూ తీసుకోరాదు. ఆ ఐదుగురి సంఖ్య క్రమంగా జట్టు మొత్తానికి విస్తరించింది. ఒప్పందం గడువు ముగిసినా ఆటగాడు విడుదల కాడు. జట్టు అతడిని అమ్మవచ్చు, మార్చుకోవచ్చు. అతడు మాత్రం తనంతట వెళ్లలేడు.

దీనిని మొదట సూటిగా ప్రశ్నించినవాడు జాన్ మాంట్‌గొమరీ వార్డ్. న్యూయార్క్ జట్టు ఆటగాడు, కొలంబియాలో న్యాయశాస్త్రం చదివినవాడు. 1885లో ఆటగాళ్ల సంఘాన్ని స్థాపించి, 1887లో బేస్‌బాల్ ఆటగాడు చరాస్తియా అని అడుగుతూ వ్యాసం రాశాడు. 1890లో ఆటగాళ్లే భాగస్వాములుగా నడిపిన ప్లేయర్స్ లీగ్ ఒక్క సీజన్‌తో మూతపడింది. 1922లో అమెరికా సుప్రీంకోర్టు బేస్‌బాల్ పోటీలు అంతర్రాష్ట్ర వాణిజ్యం కావని తీర్పునిచ్చి, గుత్తాధిపత్య నిరోధక చట్టం నుంచి ఈ ఆటను తప్పించింది. రాష్ట్రాల సరిహద్దులు దాటి రైళ్లలో తిరిగి ఆడే జట్ల వ్యాపారం అంతర్రాష్ట్ర వాణిజ్యం కాదనడం వింతే. అయినా ఆ తీర్పు నిలిచింది.

ఇదే కాలంలో నల్లజాతి ఆటగాళ్లకు ఈ బంధనం కూడా దక్కలేదు. వారికి తలుపే మూసి ఉంది. రూబ్ ఫాస్టర్ 1920లో నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించాడు. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున దిగేదాకా మేజర్ లీగుల్లో ఆ నిషేధం సాగింది. రాబిన్సన్ తెరిచిన తలుపులోంచి వచ్చిన తరంవాడే కర్ట్ ఫ్లడ్. 1969లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తనను ఫిలడెల్ఫియాకు మార్పిడి చేసినప్పుడు, తాను కొని అమ్మదగిన వస్తువును కానంటూ ఫ్లడ్ కమిషనర్‌కు లేఖ రాసి కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టు 5–3 తేడాతో అతని వాదనను తిరస్కరించింది. అతని క్రీడాజీవితం ఆ పోరాటంలోనే కరిగిపోయింది. కోర్టు ఇవ్వనిది మధ్యవర్తిత్వం ఇచ్చింది. మార్విన్ మిల్లర్ నాయకత్వంలోని ఆటగాళ్ల సంఘం సాధించుకున్న మధ్యవర్తి విధానం కింద, 1975 డిసెంబర్‌లో పీటర్ సైట్జ్ రిజర్వ్ నిబంధన ఒక్క ఏడాదికే వర్తిస్తుందని తేల్చాడు. దాని ఫలితమే నేటి పద్ధతి: మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సేవ పూర్తయితే ఆటగాడు స్వేచ్ఛగా బేరమాడుకోవచ్చు.

అయితే ప్రవేశద్వారం వద్ద పాత తర్కమే మిగిలింది. 1965 జూన్‌లో మొదలైన డ్రాఫ్ట్‌లో జట్లు వరుస క్రమంలో కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ఎంచుకున్న జట్టుకు తప్ప మరెవరికీ అతనితో ఒప్పందం చేసుకునే హక్కు లేదు. అదే 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సవరించి, దేశాలవారీ కోటాలను తొలగించింది; తెలుగు వైద్యులు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో ఆ దేశం చేరడానికి దారి ఏర్పడింది. రెండింటికీ సంబంధం లేదు. కాని తరువాతి తరంలో అవి ఒకచోట కలిశాయి.

కుమార్ రాకర్

1999 నవంబర్‌లో పుట్టిన కుమార్ రాకర్ తండ్రి ట్రేసీ రాకర్ ఆబర్న్ విశ్వవిద్యాలయంలో పేరుపొందిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తరువాత శిక్షకుడు. తల్లి లలిత తెలుగు మూలాలున్న భారతీయ వలసదారుల కుమార్తె. మన వాడుకలో మరో పేరు వెనుక ఒదిగే ‘కుమార్’ అక్కడ ముందు నిలిచింది.

జార్జియాలో పాఠశాల ముగించినప్పుడు, 2018లో, కొలరాడో రాకీస్ అతడిని 38వ రౌండ్‌లో ఎంచుకుంది. రాకర్ అంగీకరించక వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2019 జూన్ 8న, మొదటి సంవత్సరం విద్యార్థిగా, డ్యూక్ విశ్వవిద్యాలయంపై ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు. ఆ ఆటలో 19 మందిని స్ట్రైకులతోనే ఔట్ చేశాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు మొత్తం 27 ఔట్లేనని గుర్తుంచుకుంటే ఆ సంఖ్య బరువు తెలుస్తుంది. ఆ ఏడాది కాలేజ్ వరల్డ్ సిరీస్‌ను వాండర్‌బిల్ట్ గెలిచింది. ఉత్తమ ఆటగాడి గౌరవం అతనికే దక్కింది.

2021 డ్రాఫ్ట్‌లో న్యూయార్క్ మెట్స్ అతడిని పదవ స్థానంలో ఎంచుకుంది. 60 లక్షల డాలర్లకు అంగీకారం కుదిరిందని వార్తలు వచ్చాయి. తరువాత జరిగిన వైద్య పరీక్షల ఫలితాలపై జట్టు సందేహపడింది. ఆగస్టు 1 గడువు ముగిసింది, సంతకం జరగలేదు. అతడు ఆరోగ్యంగానే ఉన్నాడని అతని ఏజెంట్ స్కాట్ బోరస్ వాదించాడు. ఎవరి వైద్యుడు చెప్పినది సరి అన్న ప్రశ్న ఇక్కడ ప్రధానం కాదు. నష్టం ఎవరికి ఏ మేరకు పంచబడిందన్నదే ప్రధానం. నియమం ప్రకారం మెట్స్‌కు పరిహారంగా 2022 డ్రాఫ్ట్‌లో పదకొండవ ఎంపిక లభించింది. రాకర్ డ్రాఫ్ట్‌కు ముందు జరిగే వైద్య పరీక్షల కార్యక్రమంలో పాల్గొనలేదు. అందువల్ల కనీస మొత్తం ఇవ్వజూపే బాధ్యత కూడా జట్టుకు లేకపోయింది. అతనికి మిగిలినది మరో ఏడాది నిరీక్షణ. ఒక జట్టు తిరస్కరిస్తే మరొక జట్టు వద్దకు వెళ్లే వీలు ఆ గడువు మర్నాడు కూడా లేదు.

2022లో అతడు ఫ్రాంటియర్ లీగ్ అనే స్వతంత్ర లీగ్‌లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్ తరఫున ఐదు ఆటలు ప్రారంభించి, 20 ఇన్నింగ్స్‌లో 32 మందిని స్ట్రైకులతో ఔట్ చేశాడు. మేజర్ లీగ్ జట్ల కళ్ల ముందు తన చేతిని తానే నిరూపించుకోవలసి వచ్చిన ఏర్పాటు ఇది. ఆ ఏడాది టెక్సస్ రేంజర్స్ అతడిని మూడవ స్థానంలో ఎంచుకుని 52 లక్షల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. ఆ స్థానానికి లీగ్ నిర్దేశించిన విలువ 75 లక్షలకు పైమాటే.

హైదరాబాద్ పాఠకుడికి వెంటనే ఐపీఎల్ వేలం గుర్తుకు రావచ్చు. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. లోపలి తర్కం భిన్నం. 2008లో డెక్కన్ చార్జర్స్ పాల్గొన్న తొలి వేలం నుంచి, ఒక ఆటగాడి కోసం జట్లు ఒకదానిపై ఒకటి పాడతాయి. ధర బహిరంగంగా పెరుగుతుంది. డ్రాఫ్ట్‌లో అటువంటి పోటీయే లేదు. మరొక వైపు, అమెరికన్ ఆటగాడికి సమష్టి బేరసారాలు జరిపే సంఘం ఉంది. భారత క్రికెట్‌లో 2019లో ఏర్పడిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ మాజీ ఆటగాళ్లకే పరిమితం. వేలంలో ధర పలికినవాడికి నియమాలు రాసే బల్ల వద్ద కుర్చీ లేదు. ఈ రెండింటిలో ఏది మేలన్నది సులభంగా తేలే ప్రశ్న కాదు.

ఆ కుర్చీ విలువ 2022 మార్చిలో కుదిరిన సమష్టి ఒప్పందంలో కనిపించింది. డ్రాఫ్ట్‌కు ముందే వైద్య పరీక్షలకు లోబడిన ఆటగాడికి, అతని స్థానానికి నిర్దేశించిన విలువలో కనీసం 75 శాతం ఇవ్వజూపాలన్న నిబంధన అందులో చేరింది. 1879లో ఐదుగురి కోసం మొదలైన నియమావళికి ఇది చిన్న సవరణే. అయితే అప్పటికి డ్రాఫ్ట్ దాటని ఆటగాళ్లకు ఆ సంఘంలో సభ్యత్వమే లేదు.

2023 మేలో రాకర్ మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. 2024 సెప్టెంబర్ 12న సియాటిల్‌లో, మెరైనర్స్‌పై, అతడు టెక్సస్ తరఫున తొలి మేజర్ లీగ్ ఆట ఆడాడు. ఆరేళ్ల సేవా కాలపు లెక్క అతనికి ఆ రోజు నుంచే మొదలైంది.